పతా

ఉర్దూలో 'పతా' అనే లఫ్జ్‌కి రెండు మతలబులున్నాయి. ఒకటి చిరునామా, రెండోది ఎరుక. "ఆప్ కా పతా?" అంటే మీ ఇల్లెక్కడ అని. "పతా హై" అంటే నాకు ఎరుకే అని. మా ఇంట్లో పొద్దున లేస్తే రెండూ వాడుతుంటాం గానీ రెండింటికీ ఒకే లఫ్జ్ ఎందుకుందని నేనెప్పుడూ ఆగి సోంచాయించలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు వెబ్ టెక్నాలజీస్ చెప్పడం మొదలుపెట్టాక ఆ సవాల్ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

నేనుండేది ఎల్‌బీ నగర్‌లో. సాయంత్రం మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. మూడో స్టేషన్లో దిగి, మెట్లు దిగి, బండ్ల మీద జామకాయలు, ఫోన్ కవర్లు అమ్మేవాళ్ల మధ్య నుంచి నడిచిపోతే మా సెంటర్. కింద టిఫిన్ హోటల్. మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్, రెండో అంతస్తులో లేడీస్ టైలర్, మూడో అంతస్తులో మేం. చుట్టూ ఏ గోడ చూసినా కోర్సుల పోస్టర్లే. జావా, పైథాన్, గ్రూప్-2, కానిస్టేబుల్. వాటి సందుల్లో టు-లెట్ బోర్డులు. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఈ రెండు కాగితాలే అనిపిస్తుంది నాకు. ఒకటి నౌకరీ ఇప్పిస్తానంటుంది, ఇంకోటి అప్పటిదాకా ఉండడానికి జాగా ఇస్తానంటుంది.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో సిటీ పిల్లలు తక్కువ. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి ఒక రోడ్డు హయత్‌నగర్ మీదుగా విజయవాడకు పోతుంది, ఇంకోటి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్‌కు. ఆ రెండు రోడ్ల వెంట ఉన్న ఊళ్లవాళ్లందరికీ హైదరాబాద్ అంటే ముందు ఎల్‌బీ నగర్ చౌరస్తానే. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట ఒక దిక్కు, మాల్, దేవరకొండ ఇంకో దిక్కు. బీటెక్ అయిపోయి, క్యాంపస్‌లో ఏమీ రాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఇక్కడికొచ్చి హాస్టళ్లలో దిగుతారు. ముగ్గురు నలుగురు ఒక రూం. తొందరగా రోజీ దొరకాలి. అబ్బా చేసిన అప్పుకి మిత్తీ పెరుగుతుంటుంది.

వీళ్లకు వెబ్ కొత్తేమీ కాదు. జేఎన్‌టీయూ సిలబస్‌లో 'వెబ్ టెక్నాలజీస్' అని ఒక సబ్జెక్టే ఉంది. హెచ్‌టీఎమ్ఎల్, జావాస్క్రిప్ట్, ఎక్స్‌ఎమ్ఎల్, సర్వ్‌లెట్లు, పీహెచ్‌పీ అన్నీ చదివే వస్తారు. వెబ్‌ని ఎవరు కనిపెట్టారంటే చటుక్కున జవాబ్ చెప్తారు: టిమ్ బెర్నర్స్-లీ, 1989, సెర్న్. జావాస్క్రిప్ట్? బ్రెండన్ ఐక్, 1995, పది రోజుల్లో. మీ కోసం మీరు చేసుకున్న పేజీ ఒక్కటి చూపించండి అంటే మాత్రం అందరూ ఖామోష్. ల్యాబ్ రికార్డులో సీనియర్ రాసిందే వీళ్లూ రాశారు, సీనియర్ తన సీనియర్‌ది చూసి రాశాడు. పరీక్ష రాయడం తెలుసు. నలుగురు చదివేలా పేజీ పెట్టడం ఎవరూ అడగలేదు, వీళ్లు చేయలేదు.

అందుకే ఈ బ్యాచ్‌కి ఒక కొత్త పని పెట్టాను. ప్రతి శనివారం ఒక్కొక్కరు ఒక పోస్టు రాసి తమ బ్లాగులో పెట్టాలి. పెట్టింది క్లాసులో తెర మీద చూపించి చదవాలి. మా ఓనర్‌కిది నచ్చలేదు. "మేడమ్, ఇది కోర్సులో లేదు కదా. మూడు నెలల్లో రియాక్ట్ దాకా పోవాలె" అన్నారు. శనివారం ఒక గంట ఎక్కువ కూర్చుంటా, ఆ గంటకు జీతం వద్దు అన్నాను. "కరెంటు బిల్లు?" అని నవ్వి ఊరుకున్నారు.

మొదటి శనివారం పంతొమ్మిది పోస్టులొచ్చాయి. పంతొమ్మిదీ ఇంగ్లీషే. 'మై ఎయిమ్ ఇన్ లైఫ్', 'ఇంపార్టెన్స్ ఆఫ్ టెక్నాలజీ', 'క్లౌడ్ కంప్యూటింగ్'. అందులో రెండింటికి కామాలతో సహా ఒకటే ఒంపు, ఒకటే సొంపు. ఎవర్నీ తిట్టలేదు. బ్లాగ్ అనే మాట ఎలా పుట్టిందో చెప్పాను. 1997లో ఒకాయన తాను నెట్‌లో తిరుగుతూ చూసినవన్నీ రాసుకునే చిట్టాకి 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. లాగ్ అంటే ఓడలో రాసుకునే రోజువారీ హిసాబ్. 1999లో ఇంకొకాయన దాన్ని తమాషాగా విరగ్గొట్టి 'వుయ్ బ్లాగ్' అన్నాడు. అంటే ఇవాళ ఏం చూశావో రాయడం, అంతే. మీ హాస్టల్ నుంచి ఇక్కడిదాకా వచ్చేటప్పుడు ఏం చూశారో అది రాయండి అన్నాను.

"రాయడానికి మా దగ్గర ఏముంది మేడమ్?" అన్నాడు సూర్యాపేట అబ్బాయి. వినయంగానే అన్నాడు. నిజంగానే తన దగ్గర ఏమీ లేదనుకుంటున్నాడు.

తెలుగులో రాయొచ్చు అంటే నవ్వారు. వాట్సాప్‌లో పొద్దస్తమానం మాట్లాడుకునేది తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. వెబ్‌సైట్ అంటే తెలుగులో ఉండదని వీళ్ల దిమాగ్‌లో ఎవరో గట్టిగా రాసేశారు. అప్పుడు మా జమానా సంగతి చెప్పాల్సొచ్చింది. ఒకప్పుడు నెట్ సెంటర్లో తెలుగు పేపర్ తెరిస్తే, ఆ పేపర్ వాళ్ల ఫాంట్ లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంట్, ఒక్కో తాళం, ఒక్కో చెవి. తర్వాత యూనికోడ్ మెల్లగా అందరి చేతికీ వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే 'లేఖిని' వచ్చింది. కొత్తగా రాసిన బ్లాగులన్నీ ఒకచోట కనిపించే 'కూడలి' వచ్చింది. ఈ-తెలుగు వాళ్లు హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో స్టాల్ పెట్టి, పుస్తకాలు కొనడానికొచ్చిన వాళ్లను ఆపి మరీ, కంప్యూటర్లో తెలుగు రాయొచ్చని చూపించేవాళ్లు. ఎవరూ జీతమిచ్చి చేయించిన పని కాదు. నౌకరీల నుంచి ఇంటికొచ్చాక, నిద్ర మానుకుని చేసిన పని.

రెండో శనివారం పదకొండు పోస్టులు తెలుగులో వచ్చాయి. బ్లాగులో పెట్టేముందు పేజీని చేత్తో హెచ్‌టీఎమ్ఎల్‌లో రాసి చూపించాలని నా షర్తు. సూర్యాపేట అబ్బాయి పేజీ తెర మీద పెడితే ప్రతి అక్షరం జాగాలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ 'ఏ', పక్కన జ్వరం కొలిచే డిగ్రీ సున్నా, మళ్లీ 'ఏ', మళ్లీ సున్నా. వాడి ముఖం మాడిపోయింది. పేజీ పైన 'మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8' అనే ఒక్క లైను లేదు, అంతే. ఆ లైను పెట్టగానే వాళ్ల ఊరి మూసీ ప్రాజెక్టు కట్ట, దాని మీద వాళ్ల తాత, తాత చేతిలో గాలం, అన్నీ తెలుగులో బయటికొచ్చాయి. ఆ లైను ఏం చేస్తుందో ఐదు మార్కుల ప్రశ్నలో వాడు ముందే చదివాడు. ఆ రోజు మాలూమ్ అయింది.

ఆ రోజే బోర్డు మీద ఒక చిన్న హిసాబ్ వేశాం. 'సలాం' అనే మాటని యూటీఎఫ్-8లో దాచడానికి ఎంత జాగా కావాలి? తెలుగులో స, ల, దీర్ఘం, సున్నా, మొత్తం నాలుగు. ఒక్కో దానికి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. ఉర్దూలో సీన్, లామ్, అలిఫ్, మీమ్. ఒక్కో దానికి రెండు, మొత్తం ఎనిమిది. ఇంగ్లీష్‌లో ఐదక్షరాలు రాస్తే ఐదే. "అంటే తెలుగువాళ్లకు కిరాయి ఎక్కువ" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. క్లాసంతా నవ్వింది. కిరాయి సంగతి వాళ్లకు నాకంటే బాగా ఎరుక.

మలక్‌పేట నుంచి వచ్చే ఒక అబ్బాయి పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తెలుగు పేజీ మధ్యలో వాళ్ల దాదాకి ఇష్టమైన ఒక ఉర్దూ మాట రాస్తే, వాక్యం చివరి చుక్క గెంతి ఈ పక్కకొచ్చి కూర్చుంది. ఎడమ నుంచి కుడికి పోయే లిపిలోకి కుడి నుంచి ఎడమకు పోయే లిపి వచ్చినప్పుడు చుక్కలూ కామాలూ ఎవరివో తేల్చుకోలేక బ్రౌజర్ అలా పరేషాన్ అవుతుంది. ఉర్దూ ముక్కని విడిగా చుట్టి, దానికి 'డిర్ ఆర్‌టీఎల్' అని రాస్తే చుక్క తన ఇంటికి పోతుంది. వాడికి ఇంకో ఫిర్యాదు మిగిలింది: "మేడమ్, ఇది అరబ్బీ లెక్క ఉంది. మా దాదా రాసేది ఇట్ల ఉండదు." నిజమే. ఉర్దూ చేతిరాత నస్తాలీఖ్, ఏటవాలుగా జారుతూ కిందికి దిగుతుంది. ఆ వంపుల్ని తెర మీదకు తేవడం కష్టమనే చాలా ఉర్దూ పేపర్లు చాన్నాళ్లు తమ పేజీల్ని నెట్‌లో ఫొటోల్లాగా పెట్టేవి. ఫొటోలో ఉన్న లఫ్జ్‌ని ఏ సెర్చ్ ఇంజనూ వెతకలేదు. కనపడుతుంది గానీ దొరకదు. గూగుల్ వాళ్ల నోటో నస్తాలీఖ్ ఫాంట్ పెట్టించాక వాడు ఆ ఒక్క మాటనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఇక చౌటుప్పల్ దగ్గరి అమ్మాయి. వాళ్ల అబ్బా హైవే మీద లారీ మెకానిక్. క్లాసులో మేడమ్ అంటుంది, మెట్లు దిగాక ఆపా అంటుంది. వాళ్ల నానీ మాట్లాడే తెలుగు రాయాలని కూర్చుంది. నానీ నోట 'ఖ' రెండు రకాలు, 'గ' రెండు రకాలు, 'జ' రెండు రకాలు. గొంతులోంచి వచ్చే 'ఖ' ఒకటి, 'ఖాళీ'లో ఉన్నది. దాన్ని తెలుగులో ఎలా రాయాలి ఆపా అంది. అక్షరం కింద పెట్టే చుక్క ఉంది, నుక్తా అంటారు, హిందీకి ఎప్పట్నుంచో ఉంది అన్నాను. తెలుగుకి అది 2021లో, యూనికోడ్ 14వ వెర్షన్‌లో వచ్చింది. దాని నంబరు 0సి3సి. చూపిస్తే పిల్ల హైరాన్ అయింది. "తెలుగు అక్షరాలు ఇంకా వస్తూనే ఉన్నాయా?" అంది. వస్తూనే ఉన్నాయి బేటీ, ఎవరో ఒకరు మాకిది కావాలని అర్జీ పెట్టుకుంటే వస్తాయి.

తీరా ఆ చుక్క ఆమె పాత ఫోన్లో కుదరలేదు. అక్షరం ఒకచోట, చుక్క ఒకచోట. చివరికి అక్షరాల దారి వదిలేసి ఆడియో ట్యాగ్ పట్టుకుంది. ఫోన్లో నానీ గొంతు రికార్డు చేసి పేజీలో పెట్టింది. కొట్టంలో గేదె తాడు తెంపుకున్న కిస్సా, నలభై సెకండ్లు. క్లాసంతా విన్నది. సగం తెలుగు, సగం ఉర్దూ, ఎక్కడ ఏది మొదలవుతుందో చెప్పలేం. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. మేమున్న బస్తీ పేరే చూడండి. దిల్ ఫార్సీ, సుఖ్, నగర్ సంస్కృతం నుంచి వచ్చినవి. నేనుండేది లాల్ బహదూర్ నగర్, బహదూర్ కూడా ఫార్సీ నుంచి వచ్చిందే. ఈ బోర్డుల కింద నిలబడి శుద్ధమైన జబాన్ గురించి ఎవరు మాట్లాడగలరు?

ఆ అమ్మాయే ఐదో శనివారం రాసిన పోస్టు గురించి చెప్పడానికి ఇంతసేపు చెప్పుకొచ్చాను.

ఆ వారం మేం టేబుల్ ట్యాగ్ చెప్పుకున్నాం. వరుసలు, గడులు, పైన శీర్షికలు. అందరూ మార్కుల పట్టికలు, ఐపీఎల్ పాయింట్ల పట్టికలు చేసుకొచ్చారు. ఈ పిల్ల నాలుగు గడుల పట్టిక చేసింది. మొదటి గడి: గల్లీ. రెండోది: కిరాయి. మూడోది: ఫోన్లో ఏం చెప్పారు. నాలుగోది: పేరు చెప్పాక ఏం చెప్పారు. కింద ఏడు వరుసలు.

చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, మళ్లీ చైతన్యపురి. మూడో గడి అన్నింట్లోనూ ఇంచుమించు ఒకటే: ఉంది, వచ్చి చూసుకోండి. నాలుగో గడిలో: "ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి పోయారు." "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు." "మా దగ్గర ఓన్లీ వెజ్, మీకు ఇబ్బంది." "మాకేం లేదమ్మా, పై పోర్షన్ వాళ్లు ఒప్పుకోరు." ఒక వరుసలో నాలుగో గడి ఖాళీ. అక్కడ అవతలివాళ్లు జవాబ్ చెప్పకుండా ఫోన్ పెట్టేశారు. పట్టిక పైన గానీ కింద గానీ ఒక్క వాక్యం లేదు. తిట్టు లేదు, ఏడుపు లేదు. ఇంటి నంబరు లేదు, ఫోన్ నంబరు లేదు, ఓనర్ల పేర్లు లేవు. శీర్షిక మాత్రం ఉంది: 'టు-లెట్'.

తెర మీద చూపించి మూడో వరుస దాకా చదివి ఆగింది. మిగతాది మీరే చదువుకోండి అని కూర్చుంది. చైతన్యపురిలో ఉండే నకిరేకల్ అబ్బాయి ఒకడు తెరకేసి చూస్తూ చాలాసేపటికి అన్నాడు: "ఆ ఐదో వరుస మేముండే ఇల్లు. కిరాయి అంతే, గల్లీ అదే. ఆ అంకుల్ మాకు సంక్రాంతికి సకినాలిస్తడు." అని మళ్లీ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కిందినుంచి బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

నాకు మా కిస్సా గుర్తొచ్చింది. నిఖా అయిన కొత్తలో మా ఆయనా నేనూ ఇవే గల్లీల్లో ఇలాగే తిరిగాం. నేను వంద మెట్లెక్కాను, వంద మెట్లు దిగాను, హిసాబ్ రాసి పెట్టుకోలేదు. రాసి పెట్టుకోవచ్చని తోచలేదు. చివరికి ఎల్‌బీ నగర్‌లో ఒక పెద్దాయన పేరు విన్నాక ఒకే ఒక్క మాట అన్నారు: "కిరాయి ఐదో తారీఖు లోపల ఇయ్యాలె." ఆయన గుడికి పోయే టైముకి నేను ట్యూషన్‌కి పోయేదాన్ని. ఆరేళ్లున్నాం ఆ ఇంట్లో. ఆయనా ఈ సిటీవాడే, నాలుగో గడిలోని వాళ్లూ ఈ సిటీవాళ్లే.

పోస్టు బ్లాగులో పెట్టాలా వద్దా అని ఆ పిల్ల వారం రోజులు ఫికర్ పడింది. రాసినవాళ్ల పేరు అనే గడి దగ్గరే వేలు ఆగిపోయింది. 'అజ్ఞాత' అని పెట్టొచ్చు, కలం పేరు పెట్టొచ్చు, రెండూ జాయజ్ అని చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను: నెట్‌లో ఒకసారి పెట్టింది తీసేసినా ఎవరో ఒకరి దగ్గర ఉండిపోవచ్చు. పేరు పెట్టమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆడపిల్ల పేరు, అందులోనూ మా పేరు కనపడితే కింద ఎట్లాంటి కామెంట్లొస్తాయో నాకు ఎరుకే. కామెంట్లను ముందు తను చూసి తర్వాతే కనపడేలా పెట్టుకునే సెట్టింగ్ నేర్పించాను. అది కూడా వెబ్ టెక్నాలజీయే కదా.

ఆదివారం ఊరికి పోయి అబ్బాకి ఫోన్లో చూపించిందట. ఆయన గ్రీజు చేతులు తుడుచుకుని, జూమ్ చేసుకుని, ఏడు వరుసలూ చదివారు. "గిట్లయితే హాస్టల్ దూరమైందని నాకెందుకు చెప్పలే" అన్నారు. తర్వాత కాసేపాగి, "పేరు పెట్టేదుంటే మెమోలో ఉన్న పేరు పెట్టు. ఆధార్‌లో ఉన్నది పెట్టకు, అండ్ల తప్పుంది" అన్నారు. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుంటాయని చదివేవాళ్లలో చాలామందికి ఎరుకే. ఆ పిల్ల తన బ్లాగులో మాత్రం తన పేరుని తాను పలికినట్టు రాసుకుంది. ఏ ఆఫీసులో, ఏ దరఖాస్తులో ఎవరో చెవికి తోచినట్టు రాసిన పేరు కాదు.

తర్వాతి వారం పాఠం డొమైన్ నేమ్ సిస్టమ్. మామూలుగా దాన్ని ఫోన్ డైరెక్టరీతో పోలుస్తారు. మనం పేరు కొడతాం, అది వెతికి నంబరిస్తుంది, ఆ నంబరున్న కంప్యూటర్ తలుపు తీస్తుంది. ఆ రోజు పాఠం చెప్పడం నాకు సులువైంది. ఇక్కడ కూడా పేరు అడుగుతారు, కాకపోతే ఏం వండుతారని అడగరు అన్నాను. పిల్లలు నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. కానీ అంతటితో వదిలిపెడితే సగమే చెప్పినట్టు. ఫ్రీగా ఇచ్చే బ్లాగు కూడా కిరాయి ఇల్లే. బ్లాగర్‌ని 1999లో ఒక చిన్న కంపెనీ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. ఓనర్ మారతాడు, షర్తులు మారతాయి. జియోసిటీస్‌లో లక్షలమంది కట్టుకున్న పేజీలు 2009లో యాహూ మూసేస్తే పోయాయి. మన ఆర్కుట్ 2014లో పోయింది. సొంత డొమైన్ కొనుక్కున్నా ఏడాదికోసారి పైసలు కట్టకపోతే ఆ పేరు ఇంకొకరిదవుతుంది. కాబట్టి రాసిందంతా నెలకోసారి ఎగుమతి చేసి ఫైల్ మీ దగ్గర పెట్టుకోండి అన్నాను. ఇల్లు ఖాళీ చేయమంటే సామాన్లు సర్దుకునే ఆదత్ ఎవరికైనా ఉంటే అది హాస్టల్ పిల్లలకే. ఆ ఒక్క హోంవర్కు అందరూ చేసుకొచ్చారు.

కోర్సు అయిపోయే వారం, ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకున్నారో మీ పేజీలోనే రాయండి అన్నాను. నన్ను పొగిడితే మార్కులుండవని కూడా చెప్పాను.

సూర్యాపేట అబ్బాయి ఇలా రాశాడు: "బ్రౌజర్‌కి ఓపిక ఎక్కువ. ట్యాగ్ మూయడం మరిచిపోయినా ఎంతో కొంత చూపిస్తది. నాకు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో అంత ఓపిక ఉన్నోళ్లను నేను చూడలేదు."

దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి, మూడు నెలలూ నోరు విప్పనిది, తన చివరి పోస్టు వాళ్ల గోర్ బోలీలో రాసింది, తెలుగు అక్షరాలతో. పేజీ మొదట్లో భాష పేరు రాసేచోట తెలుగుకి 'టీఈ' అని రాస్తాం కదా, వాళ్ల భాషకి కూడా ఒక కోడ్ ఉందా అని తనే వెతుక్కుని 'ఎల్ఎమ్ఎన్' అని కనుక్కుంది. "మా భాషకు లిపి లేదని చిన్నప్పటి నుంచి వింటున్న. కోడ్ ఉందని ఎవరూ చెప్పలేదు" అని రాసింది. అది నాకూ తెలియదు. ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను.

ముప్పై నాలుగేళ్ల ఒక ఆమె, పెళ్లై, ఇద్దరు పిల్లల తర్వాత మళ్లీ చదువు పట్టుకున్నామె, "నేను టైప్ చేస్తుంటే మా చిన్నోడు పక్కన కూర్చుని చదువుతున్నడు. వాడికి నేనేదో ఆఫీసు పని చేస్తున్నట్టుంది" అని రాసింది.

నకిరేకల్ అబ్బాయి రెండు లైన్లే రాశాడు: "నేను రోజూ చూసే బోర్డు మీద ఇంకో లైను ఉందని నాకు తెలియదు. రూం ఖాళీ చేయలేదు, అంకుల్‌ని అడగలేదు, ఎట్ల అడగాలో తెలుస్తలేదు." ఇంత సాఫ్‌గా రాసినవాళ్లు క్లాసులో ఇంకొకరు లేరు.

ఇంకొక అబ్బాయి ఇలా రాశాడు: "నేను రెండు ఇంటర్వ్యూలకు పోయిన. బ్లాగ్ గురించి ఎవరూ అడగలేదు. ఇద్దరూ జావాస్క్రిప్ట్‌లో క్లోజర్స్ అడిగిండ్రు. మేడమ్ ఆ శనివారం గంట దానికిస్తే బాగుండె." క్లాసులో దాన్ని కూడా తెర మీద చదివించాను. వాడు చెప్పింది నిజం. రోజీ కోసం వచ్చిన పిల్లవాడికి గంట అంటే గంటే, దాని హిసాబ్ అడిగే హక్కు వాడికుంది. కాకపోతే ఒకటి గమనించాను. బెంచీ మీద వినయంగా కూర్చుని వెళ్లిపోయే పిల్లవాడు, తన పేరు పెట్టి, ఉస్తాద్‌కి నచ్చని మాటని నలుగురూ చదివేచోట రాశాడు. ఇంటర్వ్యూలో అది అడగరు, నిజమే. అయినా ఈ మూడు నెలల్లో నేను చెప్పదలుచుకున్నది వాడికి అందిందనే నాకనిపించింది. కొత్త బ్యాచ్‌కి శనివారం గంటలో సగం క్లోజర్స్‌కి ఇస్తున్నాను, సగం రాతకి.

పంతొమ్మిదిలో ఆరు బ్లాగులు ఇప్పటికీ నడుస్తున్నాయి. మిగతావి ఆగిపోయాయి. అది ఎక్కడైనా ఉండేదే. మూసీ కట్ట మీద తాత ఉన్న పేజీ తర్వాత సూర్యాపేట అబ్బాయి ఏమీ రాయలేదు. కానీ తాత పోయాక చుట్టాలందరికీ ఆ లింకే పంపాడట.

'టు-లెట్' పోస్టు రాసిన పిల్ల ఇప్పుడు మలక్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌కి అటు నుంచి మూడు స్టేషన్లు, నాకు ఇటు నుంచి మూడు. ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరింది. ఆరు నెలలు జీతం తక్కువ, తర్వాత చూస్తామన్నారు. పోయిన నెల ఆ పట్టికలో ఒక వరుస పెరిగింది. ఎనిమిదో వరుస. గల్లీ: కొత్తపేట. ఫోన్లో ఏం చెప్పారు: ఉంది. పేరు చెప్పాక ఏం చెప్పారు: "ఉంది, ఎప్పుడొస్తరు?" కిరాయి గడిలో ఉన్నది మాత్రం తను ఇచ్చుకోగలిగిన దానికంటే రెండు వేలు ఎక్కువ. ఇల్లు తీసుకోలేదు, వరుస మాత్రం రాసింది. ఎందుకు రాశావు బేటీ అంటే, "హిసాబ్ హిసాబే కదా ఆపా, అందరివీ రాయాలె" అంది.